1986లో పాకాల దగ్గర పూడ్చిన మనిషి ఎవరో ఇప్పుడు తెలుస్తుందా? ఒక పాత ఫోటోగ్రాఫర్ సమాధానం

మీ ప్రశ్నను నేను సరిగా అర్థం చేసుకున్నానో లేదో ముందు చూసుకుందాం. 1986 అక్టోబరు 4న, అంటే మహాలయ అమావాస్య మరునాడు, పాకాల దగ్గర మీ ఊరి పొలిమేరలో చింతచెట్టు కింద ఒక మగమనిషి చనిపోయి కనిపించాడు. రైలు కట్ట అక్కడికి కాస్త దూరం. ఎవరూ వెతుక్కుంటూ రాలేదు. మీ తాతగారు పంచనామాలో సంతకం పెట్టి, సొంత ఖర్చుతో పూడ్పించి, ఆ తరవాత ఏటా మహాలయంలో ఆ పేరు లేని మనిషికి కూడా నీళ్ళు వదిలేవారు. ఆయన పోయాక పెట్టెలో దొరికిన నోటుపుస్తకంలో ఇలా ఉంది: "పసుపు పంచె, తెల్ల చొక్కా. గుండు, నూక అంత వెంట్రుక మొలిచింది. కుడి ముంజేతి మీద తేలు పచ్చబొట్టు. కాలరు లోపల నల్ల గుర్తు. జేబులో ఏమీ లేదు. సుమారు 50." ఆస్ట్రేలియాలో సోమర్టన్ మనిషికి డెబ్బై ఏళ్ళు దాటాక డీఎన్ఏతో పేరు దొరికిందని చదివారు కాబట్టి, ఎముక తీసి పంపితే మనకూ దొరుకుతుందా అని అడిగారు.

దొరికే అవకాశం ఉంది. కానీ గుంత తవ్వి కాదు. కాగితాలతో మొదలుపెట్టాలి. మీకు అన్నిటికన్నా బలమైన ఆధారం ఆ కాలరు లోపలి నల్ల గుర్తు. ఎముక ఆఖరి మెట్టు. ఫలానా ఇంటి మనిషేనని దాదాపు తేలాక, దాన్ని రుజువు చేయడానికే అది పనికొస్తుంది.

నేను డాక్టరును కాను, పోలీసును కాను. తిరుపతిలో ముప్పై ఏళ్ళకు పైగా ఫోటో స్టూడియో నడిపాను. పెళ్ళిళ్ళు, పాస్‌పోర్టు సైజు ఫోటోలే మా తిండి. అప్పుడప్పుడు స్టేషను నుంచి కానిస్టేబులు సైకిలు మీద వచ్చి, "అయ్యా, ఒక 174 ఉంది" అనేవాడు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 174వ సెక్షను శవ పంచనామాకు సంబంధించినది. కొత్త చట్టంలో అది 194 అయింది గాని, స్టేషన్లలో పాతవాళ్ళ నోట ఇంకా 174 అనే వస్తుంది. నేను కెమెరా తీసుకుని రుయా ఆస్పత్రి మార్చురీకో, రేణిగుంట పట్టాల దగ్గరికో వెళ్ళేవాడిని. తడిగుడ్డతో ముఖం తుడిచి, దవడ జారకుండా గడ్డం కింద తువ్వాలు చుట్టి పెట్టి, పలక మీద సుద్దముక్కతో క్రైం నంబరు రాసి గుండెల మీద నిలబెట్టి తీసేవాడిని. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, మచ్చలకు దగ్గరగా ఒకటి. ప్రింట్లు స్టేషనుకు వెళ్ళేవి, నెగటివ్‌లు నా దగ్గర ఉండిపోయేవి. దుకాణం మూసేసిన రోజు ఆ నెగటివ్‌ల కవర్లు ఒక డాల్డా డబ్బా నిండా తేలాయి. పారేయడానికి చేతులు రాలేదు. అప్పటి నుంచి ఆ ఫోటోల్లోని మనుషుల పేర్లు వెతకడమే నా పని. ఇన్నేళ్ళలో నిజంగా పేరు దొరికినవి నాలుగు. ఒకటి తప్పు చేశాను, అదీ చెబుతాను.

ముందు మీరు చదివిన సోమర్టన్ సంగతి. 1948 డిసెంబరు 1న అడిలైడ్ దగ్గర సముద్రపు ఒడ్డున దొరికిన మనిషి అతను. పోలీసులు అప్పట్లోనే అతని ముఖానికి, భుజాలకు ప్లాస్టరుతో అచ్చు తీశారు. ఆ అచ్చులో చిక్కుకున్న వెంట్రుకల నుంచి డీఎన్ఏ తీసి, చుట్టరికాల చెట్టు గీసి, 2022 జులైలో డెరెక్ అబాట్ అనే ఆచార్యుడు, కొలీన్ ఫిట్జ్‌పాట్రిక్ అనే వంశావళి పరిశోధకురాలు అతను మెల్‌బోర్న్‌కు చెందిన కార్ల్ వెబ్ అని ప్రకటించారు. అది పరిశోధకుల ప్రకటన, పోలీసులది కాదు. గొప్ప పనే. మీకు మాత్రం అంతకన్నా పనికొచ్చే కథ అమెరికాలో ఉంది. 1968లో కెంటకీ రాష్ట్రంలో గుడారపు గుడ్డలో చుట్టిన ఒక యువతి శవం దొరికింది. ఆ శవాన్ని మొదట చూసిన మనిషికి తరవాత అల్లుడైన టాడ్ మాథ్యూస్ ఒక కర్మాగారంలో కార్మికుడు. పదేళ్ళపాటు వెతికాడు. చివరికి ఇంటర్నెట్‌లో ఒకామె తప్పిపోయిన తన అక్క గురించి పెట్టిన ప్రకటన అతని కంటపడింది. వయసు, ఊరు, కాలం సరిపోయాయి. పోలీసులకు చెప్పాడు. వాళ్ళు సమాధి తవ్వించి డీఎన్ఏ సరిచూసి 1998లో ఖాయం చేశారు. అక్కడ డీఎన్ఏ పని చిట్టచివరిది, ముందు చేసినదంతా రెండు కాగితాలను పక్కపక్కన పెట్టడమే.

మన దగ్గరా జరిగేది ఇదే. ఇక్కడ ఒక కాగితం "ఎవరో తెలియదు" అంటుంది. ఎక్కడో ఇంకో జిల్లాలో ఇంకో కాగితం "ఎక్కడున్నాడో తెలియదు" అంటుంది. ఆ రెండూ ఎప్పుడూ ఎదురుపడలేదు. చిత్తూరు ప్రాంతంలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే మనది మూడు భాషల సరిహద్దు. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాల గీత మారింది గాని మనుషుల రాకపోకలు మారలేదు. కొండకు వచ్చేవారిలో తమిళులు, కన్నడిగులు, మరాఠీలు అందరూ ఉంటారు. శవం వివరాలు తెలుగులో రాస్తారు, తప్పిపోయిన ఫిర్యాదు తమిళంలో ఉంటుంది. ఈరోజుల్లో పోలీసు స్టేషన్లను కలిపే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. 1986లో ఉన్నవి వైర్‌లెస్ సందేశం, గోడ మీద అంటించే కరపత్రం, పత్రికలో నాలుగు పంక్తులు.

ఇప్పుడు మీ తాతగారి నోటుపుస్తకం. ఆయన మంచి పరిశీలకుడు. పంచనామా రాసేవాళ్ళలో చాలామందికి లేని కన్ను ఆయనకు ఉంది.

1986 అక్టోబరు 4 శనివారం. తమిళుల లెక్కలో పెరటాసి నెల, అందులో మూడో శనివారం. పెరటాసి శనివారాలకు తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకుని, గుంపులుగా నడిచి కొండకు రావడం మన ఊళ్ళలో పుట్టి పెరిగిన ఎవరికైనా తెలుసు. పసుపు పంచె, ఆ రోజులు, పాకాల మీదుగా చిత్తూరు, కాట్పాడి, వేలూరు వెళ్ళే దారి: మూడూ కలిపితే నేనైతే ముందు పాత ఉత్తర ఆర్కాడు జిల్లా వైపు చూస్తాను. (1986లో వేలూరు, తిరువణ్ణామలై అన్నీ కలిసి ఉత్తర ఆర్కాడే. 1989లో విడదీశారు. పాత కాగితం అడిగేటప్పుడు ఈ పేరు పనికొస్తుంది.)

ఇక "నూక అంత వెంట్రుక". ఈ మాట చదివి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. తల వెంట్రుక రోజుకు సుమారుగా మిల్లీమీటరులో మూడో వంతు పెరుగుతుంది. చనిపోయాక పెరగదు. పెరిగినట్టు కనిపించేది చర్మం ఎండి ముడుచుకోవడం వల్ల. నూక అంటే రెండు, రెండున్నర మిల్లీమీటర్లు అనుకుందాం. అంటే తలనీలాలు ఇచ్చి సుమారు వారం అయింది. రెండో శనివారానికి కొండకు వెళ్ళిన మనిషి కావచ్చు. గుండు చేయించుకున్నాడు కాబట్టి వెళుతున్నవాడు కాదు, తిరిగి వస్తున్నవాడు. తిరుపతి నుంచి పాకాలకు వారం పట్టదు. మరి ఆ వారం ఎక్కడ ఉన్నాడు? జబ్బుపడి ఏ సత్రంలోనో, ఏ ఆస్పత్రిలోనో ఉండి, కాస్త తేరుకుని నడక మొదలుపెట్టాడా? అలాగైతే ఆస్పత్రి రిజిస్టరులో పేరు ఉండాలి. ఇదంతా ఊహే. అయినా ఎక్కడ వెతకాలో చెప్పే ఊహ. తేలు పచ్చబొట్టు అంత గొప్ప ఆధారం కాదు, ఆ తరంలో చాలామంది చేతుల మీద తేలు ఉండేది.

నోటుపుస్తకంలో నమ్మకూడనివి కూడా ఉన్నాయి. "సుమారు 50" అన్నది 40 కావచ్చు, 60 కావచ్చు. ఎండలో తిరిగి, జబ్బుపడి, గుండుతో ఉన్న మనిషి వయసు చూపుకు అందదు. పంచనామా దొరికి అందులో ఎత్తు రాసి ఉంటే దాన్నీ కాస్త వదులుగా తీసుకోండి, పడుకోబెట్టి కొలిచిన శవం బతికున్న మనిషికన్నా రెండు మూడు సెంటీమీటర్లు పొడుగు వస్తుంది. "చామనఛాయ" అన్న మాట చూస్తే మాత్రం దాటేయండి. రెండో రోజుకు అందరూ నల్లబడతారు.

కాగితాలు ఎక్కడ అడగాలి. మొదటి ప్రశ్న: చెట్టు పట్టాలకు ఎంత దూరం? రైల్వే హద్దు లోపల ఐతే కేసు రైల్వే పోలీసులది, బయటైతే ఊరి స్టేషనుది. పది గజాల తేడాతో కాగితం వేరే బీరువాలోకి వెళుతుంది. నేను ఒక కేసులో రెండేళ్ళు తప్పు బీరువా తలుపు కొట్టాను. రెండోది, 1986లో మీది చిత్తూరు జిల్లా. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్‌లో వచ్చింది. తిరుపతిలో "మా దగ్గర లేదు" అంటే అక్కడితో వదిలేయకుండా చిత్తూరులో కూడా అడగండి.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. జిల్లా కార్యాలయానికైతే 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. "ఇది దర్యాప్తు విషయం, ఇవ్వం" అని రాస్తే అదే చట్టంలో 8వ సెక్షను 3వ ఉపవిభాగం చూపించండి: 20 ఏళ్ళు దాటిన సంఘటనల సమాచారానికి, దేశ భద్రత లాంటి రెండు మూడు విషయాల్లో తప్ప, ఆ మినహాయింపులు వర్తించవు. మన పనికి ఇంతకన్నా మంచి ఆయుధం లేదు, కానీ దీన్ని వాడేవాళ్ళను నేను పెద్దగా చూడలేదు. పంచనామా, పోస్టుమార్టం నివేదిక, ఫోటోలు, వస్తువుల జాబితా, తుది నివేదిక అని ఒక్కొక్కటి విడిగా పేరు పెట్టి అడగండి. "సంబంధిత పత్రాలన్నీ" అని అడిగితే "ఏవీ లేవు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

స్టేషనులో కాగితం చాలావరకు ఉండదు. గడువు తీరాక తగలబెడతారు. అందుకని అదే కాగితం నకలు వెళ్ళిన చోటు పట్టుకోవాలి. 174 నివేదిక సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు వెళుతుంది, అంటే ఆర్డీవో లేదా సబ్ కలెక్టరు కార్యాలయానికి. మన దగ్గర మండలాలు వచ్చింది 1985లో, కాబట్టి 1986 నాటి కట్టలు కొన్ని పాత తాలూకా పేరు మీదే ఉండిపోయాయి. ఆ పేరు కూడా దరఖాస్తులో రాయండి.

అందరూ మరిచిపోయేది జనన మరణాల రిజిస్టరు. 1969 నాటి చట్టం ప్రకారం బహిరంగ స్థలంలో దిక్కులేకుండా దొరికిన శవం గురించి కూడా మరణ నమోదు చేయించాలి. అందుకే పంచాయతీ రిజిస్టరులో "గుర్తు తెలియని మగ మనిషి" అని ఒక పంక్తి ఉండవచ్చు. ఆ రిజిస్టరును తగలబెట్టరు. నేను చూసిన ఒకదానిలో పేరు గడి ఖాళీగా ఉంది గాని, చివరి గడిలో పెన్సిలుతో ఎవరో క్రైం నంబరు రాసిపెట్టారు. ఆ నంబరుతో మిగతా తీగంతా కదిలింది.

పాకాలలో ఆ రోజుల్లో ఉన్న స్టూడియో ఏదో కనుక్కోండి. ఫోటోగ్రాఫర్ పోయినా కొడుకు దగ్గర నెగటివ్‌లు ఉండవచ్చు. ఫోటో దొరికితే ఒక్క మనవి: ఫోనులో యాప్ పెట్టి దాన్ని స్పష్టం చేయకండి. ఆ యాప్ మసకగా ఉన్న చోట లేని కన్ను, లేని పెదవి కల్పించి పెడుతుంది. చూడటానికి బాగుంటుంది గాని అది వేరే మనిషి ముఖం.

ఇక కాలరు గుర్తు. వాషింగ్ మెషీన్ల కాలంలో పుట్టినవాళ్ళకు ఇది తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఊళ్ళో పది ఇళ్ళ బట్టలు ఒకే బానలో ఉడుకుతాయి. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి చాకలివారు ప్రతి ఇంటికీ ఒక గుర్తు పెట్టేవారు. పండిన నల్లజీడి గింజకు సూది గుచ్చి, ఆ రసంతో కాలరు లోపలో పంచె అంచునో చుక్కలు, గీతలు పెట్టి, పైన తడి సున్నం అద్దేవారు. ఆ నలుపు బట్ట చిరిగేదాకా పోదు. చేతికి అంటితే బొబ్బలెక్కుతుంది, అందుకే పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఏ కుటుంబం గుర్తుల పద్ధతి ఆ కుటుంబానిదే. తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది.

తొంభైల మొదట్లో రేణిగుంట వైపు పట్టాల పక్కన ఒక కుర్రవాడు దొరికాడు. ముఖం ఫోటోకు పనికిరాని స్థితి. రీలులో ఒక ఫ్రేము మిగిలింది కదా అని చొక్కా కాలరు తిప్పి తీశాను. మూడు చుక్కలు, కింద కొడవలి లాంటి గీత. పదిహేనేళ్ళ తరవాత ఆ ప్రింటు జేబులో పెట్టుకుని రైలు దారి వెంబడి ఊరూరా దిగాను. చిత్తూరులో ఎవరూ గుర్తుపట్టలేదు. కాట్పాడిలో ఒకాయన టీ పోయించి పంపాడు. గుడియాత్తంలో ఒక ముసలాయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, "కొడవలి గీత మాది కాదు, వెనక వీధివాళ్ళది. మూడు చుక్కలంటే మూడో ఇల్లు" అన్నాడు. వెనక వీధిలో ఆ ఇంటి పెద్దాయన అప్పటికే పోయాడు. ఆయన భార్యకు మాత్రం గుర్తుంది: మూడో ఇల్లు అంటే మగ్గాలవాళ్ళది, వాళ్ళ చిన్నబ్బాయి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. మొత్తం పన్నెండు నిమిషాలు పట్టింది. దానికి ముందు పదిహేనేళ్ళు.

కాబట్టి మీ తాతగారు ఆ నల్ల గుర్తు ఎలా ఉందో బొమ్మ గీశారా అన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యం. మీరు ప్రశ్నతో పాటు పెట్టిన నోటుపుస్తకం ఫోటోలో పేజీ కింది భాగం రాలేదు.

పచ్చబొట్టు గురించి ఒక హెచ్చరిక. చంద్రగిరి వైపు బావిలో దొరికిన ఒక స్త్రీ ఎడమ చేతి మీద మూడక్షరాల మగపేరు ఉంది. నీళ్ళలో నాని పై చర్మం ఊడిపోయినా, సిరా లోపలి పొరలో ఉంటుంది కాబట్టి, ఆ అక్షరాలు బతికున్న చేతి మీదకన్నా స్పష్టంగా కనిపించాయి. అందరం అది మొగుడి పేరే అనుకున్నాం. ఆ పేరుగల మొగుడి కోసం, భార్య తప్పిపోయిన మనిషి కోసం ఏళ్ళ తరబడి వెతికాం. చివరికి శ్రీకాళహస్తి దగ్గర పల్లెలో తేలింది: అది ఆమె తమ్ముడి పేరు. చిన్నప్పుడు జాతరలో ఇద్దరూ ఒకరి పేరు ఒకరు పొడిపించుకున్నారు. ఆ తమ్ముడు నా ముందు చొక్కా చేయి పైకి మడిచి చూపించాడు. ఇక నేను చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

ఇప్పుడు నా తప్పు. గుండుతో ఉన్న ఒక వృద్ధుడి ఫోటో. తిరుపతిలో పనిచేసేవాళ్ళకు ఇది పెద్ద చిక్కు: గుండు చేస్తే ముఖం మారిపోతుంది. సొంత కొడుకే గుర్తుపట్టలేడు, ఎవరి కొడుకైనా గుర్తుపట్టేయగలడు కూడా. కోలారు వైపు ఒక కుటుంబం ఎనిమిదేళ్ళుగా ఇంటి పెద్ద కోసం ఎదురుచూస్తోందని తెలిసి, ఫోటో పట్టుకుని బస్సెక్కాను. ఎత్తు సరిపోయింది, వయసు సరిపోయింది, నెల సరిపోయింది. ఆయన భార్య ఫోటోను చాలాసేపు చూసి తల ఊపింది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. వాళ్ళు కర్మలు చేశారు. ఆమె బొట్టు తీసేసింది. కొన్ని నెలల తరవాత ఆయన తమ్ముడు ఫోను చేసి, "అయ్యా, మా అన్నకు చెరకు గానుగలో చిటికెన వేలు కొస తెగింది. మీ కాగితంలో ఆ సంగతి ఉందా?" అన్నాడు. పోస్టుమార్టం నివేదిక అన్నాళ్ళూ నా సంచీలోనే ఉంది. రెండు చేతుల వేళ్ళూ చక్కగా ఉన్నట్టు రాసి ఉంది. నేను చదవలేదు. ఆమె తల ఊపింది ఫోటోను చూసి కాదు, ఆశగా చూస్తున్న నా ముఖం చూసి. మళ్ళీ ఆ ఊరికి వెళ్ళి అరుగు మీద కూర్చుని ఆ మాట చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, లోపలికి వెళ్ళి మజ్జిగ పంపింది.

అందుకే కలిసినవి లెక్కపెట్టకండి. కలవనిది ఒక్కటి ఉందేమో వెతకండి. అది లేదని తేలాకే కుటుంబం గడప తొక్కండి. వెళ్ళినా ముందు ఫోటో చూపించకండి. "మీ మనిషి ఒంటి మీద గుర్తులు ఏమున్నాయి?" అని వాళ్ళ నోటితో చెప్పించుకోండి. ఇక్కడే మీరు ఒక పొరపాటు చేశారు: తేలు పచ్చబొట్టు సంగతి, అది ఏ చేతి మీద ఉందో కూడా, పదిమందికీ చెప్పేశారు. మీ దగ్గర మాత్రమే ఉండే వివరం ఒకటైనా ఉండాలి. వెంటనే మీ ప్రశ్నలోంచి ఆ వాక్యం తీసేయండి. నేను ఇక్కడ మళ్ళీ రాశాను కాబట్టి, మీరు చదివాక చెబితే నేనూ తీసేస్తాను.

డీఎన్ఏ మాట. మీ అంతట మీరు తవ్వితే అది శ్మశానంలో అక్రమ ప్రవేశం, భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షను కింద నేరం కావచ్చు. మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, దానికి గట్టి ఆధారం కావాలి. హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల కేంద్రం లాంటి సంస్థలు కోర్టులు గాని పోలీసులు గాని పంపిన నమూనాలనే తీసుకుంటాయి. విదేశాల్లో లాగా దూరపు చుట్టాన్ని పట్టుకుని కొమ్మకొమ్మా దిగిరావడం మన దగ్గర ఎందుకు కష్టమో రెండు కారణాలు చెబుతాను. వాళ్ళు వాడే వంశావళి డేటాబేసుల్లో ఎక్కువమంది ఐరోపా మూలాలవాళ్ళు. మన దేశంలో తప్పిపోయినవారి, అనామక మృతుల డీఎన్ఏ సూచికల కోసం 2019లో లోక్‌సభలో పెట్టిన బిల్లును 2023లో వెనక్కి తీసుకున్నారు. రెండోది మేనరికం. అన్నదమ్ముల పిల్లల మధ్య మామూలుగా ఎనిమిదో వంతు డీఎన్ఏ ఉమ్మడిగా ఉంటుంది. మేనమామనో మేనమామ కూతురినో తరతరాలుగా చేసుకునే ఇళ్ళలో ఈ లెక్క నిలవదు, దూరపు చుట్టం దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు. మన పెళ్ళిళ్ళు వాళ్ళ చెట్టును తీగల పందిరి చేసేస్తాయి.

ఒక కుటుంబం దొరికాక మాత్రం డీఎన్ఏకు సాటి లేదు. నలభై ఏళ్ళ తరవాత మట్టిలో ఎక్కువగా నిలిచేది దవడ పన్ను. పోల్చడానికి ఎవరి రక్తం కావాలన్నది అందరూ తికమకపడే చోటు. తల్లి నుంచి వచ్చే డీఎన్ఏ చూస్తే అక్కచెల్లెళ్ళు, అక్కచెల్లెళ్ళ పిల్లలు పనికొస్తారు. అతని సొంత కొడుకు దానికి పనికిరాడు. తండ్రి వైపు వై క్రోమోజోము చూస్తే కొడుకు, అన్నదమ్ములు, వాళ్ళ కొడుకులు, అంటే ఇంటిపేరు నడిచే దారి. దత్తత వచ్చిన ఇళ్ళలో ఆ దారి తెగుతుంది, ముందే అడిగి తెలుసుకోవాలి.

మీరు చేయాల్సిన ప్రకటన తమిళంలో ఉండాలి. "1986 పెరటాసిలో తిరుమలకు నడిచి వెళ్ళి తిరిగిరాని మనిషి మీ ఇంట్లో ఉన్నారా?" అన్నంత చాలు. శవం అన్న మాట వద్దు. వేలూరు, గుడియాత్తం, ఆరణి వైపు పాదయాత్ర గుంపులకు పెద్దలు ఉంటారు, ఏ ఏడు ఎవరు నడిచారో కొందరు పుస్తకాల్లో రాసిపెడతారు. గుంపుతో వెళ్ళి గుంపుతో రానివాడి పేరు ఆ పుస్తకంలో ఉంటే, మీ పని అక్కడే తేలిపోతుంది. డబ్బు అడిగేవాళ్ళు, "మా నాన్నే" అని ముందే ఖాయం చేసేవాళ్ళు ఫోన్లు చేస్తారు. ఏదీ ఒప్పుకోకండి, ఏదీ కాదనకండి, రాసిపెట్టుకోండి.

నిజమైన కుటుంబం దొరికితే వాళ్ళు ఎలా పోయాడని ముందు అడగరు. నా నాలుగు కేసుల్లోనూ మొదటి ప్రశ్న తిథి. రెండోది, ఎక్కడ పెట్టారు. దొరికిన రోజు మీ దగ్గర ఉంది, పోస్టుమార్టం నివేదికలో చనిపోయి ఎన్ని గంటలైందో ఉంటుంది, ఆ రెండూ కలిపి పాత పంచాంగం చూస్తే తిథి వస్తుంది. చోటు సంగతి మాత్రం ఇప్పుడే చూసుకోండి. ఆ గుంత తవ్విన మనుషుల్లో ఎవరైనా ఉన్నారేమో కనుక్కుని, శ్మశానానికి తీసుకెళ్ళి చూపించమనండి. ఏ చెట్టుకు, ఏ గట్టుకు ఎన్ని అడుగులో కొలిచి రాసుకోండి. శ్మశానాలు చదును చేసి ప్రహరీలు కడుతున్న కాలం ఇది.

ఈ రాత్రే చేయగలిగిన పని ఒకటుంది. ఆ నోటుపుస్తకంలో 1986 అక్టోబరు పేజీని దీపానికి అడ్డంగా పెట్టి వెనక వైపు నుంచి చూడండి. మీ తాతగారు గట్టిగా ఒత్తి రాసే మనిషిలా ఉన్నారు. కాలరు గుర్తును పెన్సిలుతో గీసి తరవాత చెరిపేసినా, ఒత్తిడి గీత కాగితం వెనక తేలుతుంది. దొరికితే పైన ఏమీ దిద్దకుండా ఫోటో తీసి నాకు విడిగా పంపండి. గుడియాత్తంలో ఆ వీధి నాకు తెలుసు.